సన్‌రూఫ్ మార్చాలన్నారా? ముందు గ్లాసుడు నీళ్లు పోయించండి

"సన్‌రూఫ్ మొత్తం మార్చాలి సార్, గుండుగుత్తగా నలభై ఐదు వేలు." ఈ మాట వినగానే మనలో చాలామంది అడిగేది ఒక్కటే: "కొంచెం చూసి చెప్పన్నా." బేరం అక్కడ మొదలైతే ఐదు వేలు తగ్గించినా నష్టమే, ఎందుకంటే మార్చాల్సింది ఏమిటో ఇంకా తేలనే లేదు. పైనున్న అద్దం మార్చడం ఒక పని. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ మార్చడం ఇంకో పని. మోటారు వేరు, దాన్నించి అద్దాన్ని లాగే కేబుళ్లు వేరు. పట్టాలతో సహా ఫ్రేము మొత్తాన్ని, అంటే షెడ్డువాళ్లు క్యాసెట్ అనే దాన్ని, దింపి కొత్తది ఎక్కించడం అన్నిటికంటే పెద్ద పని. వీటన్నిటి కంటే ముందు, ఏమీ మార్చకుండా పైపులు శుభ్రం చేయడం అనే పని ఒకటుంది. ఎస్టిమేట్లలో అది అరుదుగా కనిపిస్తుంది. రాస్తే బిల్లు పెరగదు మరి.

ఈ లెక్కలన్నీ ఇప్పుడెందుకంటే, సన్‌రూఫ్ ఒకప్పటిలా పెద్దకార్ల వైభోగం కాదు. 2020లో వచ్చిన కొత్త క్రెటాకు పనోరమిక్ సన్‌రూఫ్ ఇచ్చారు. 2022లో మారుతి తొలిసారి బ్రెజాకు పెట్టింది. 2023లో వచ్చిన ఎక్స్‌టర్ లాంటి చిన్నబండికీ ఉంది. కొన్న రోజు పిల్లలు తల బయటికి పెట్టి ఫొటోలు దిగిన ఆ కార్లు (ఆ పని అస్సలు చేయించకండి) ఒక్కొక్కటిగా వారంటీ దాటుతున్నాయి. ఇకపై వచ్చే ప్రతి బిల్లూ సొంతదారుడిదే.

నాలుగు పైపుల సంగతి

సన్‌రూఫ్ గురించి ఎక్కువమందికి తెలియని విషయం ఒకటుంది: అందులోకి నీళ్లు వస్తాయి. రావాలనే దాన్ని అలా తయారుచేస్తారు. బీడింగ్ చాలావరకు ఆపుతుంది, దాన్ని దాటిన నీరు అద్దం చుట్టూ ఉన్న కాలువలో పడుతుంది. అక్కణ్నించి మూలకొకటి చొప్పున సాధారణంగా నాలుగు సన్నటి పైపులు ఆ నీటిని కిందికి దింపుతాయి. ముందు రెండు పైపులు విండ్‌షీల్డ్ పక్క స్తంభాల్లోంచి దిగి ముందు తలుపు కీళ్ల దగ్గరో, చక్రం వెనకో వదులుతాయి. వెనక రెండూ వెనక చక్రాల వైపు పోతాయి. డాబా మీద తూము మూసుకుపోతే శ్లాబు కారినట్టే, ఈ పైపులు పూడుకుంటే సీలింగు తడుస్తుంది. తప్పు శ్లాబుది కాదు.

ఎంత నీరో లెక్క వేద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మామూలు సన్‌రూఫ్ అద్దం 80 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు అనుకుంటే 0.4 చదరపు మీటరు. అరగంటలో 30 మిల్లీమీటర్ల వాన దంచితే ఆ అద్దం మీద పడేది 12 లీటర్లు. అందులో పదో వంతు బీడింగ్ దాటినా లీటరుంబావు దాకా కాలువలోకి వస్తుంది. పనోరమిక్ అయితే ఇంతకు రెట్టింపు పైనే. లోపలి రంధ్రం సెంటీమీటరు కూడా లేని పైపులు దీన్ని మోయాలి.

మన దగ్గర ఈ పైపులు పూడేది సరిగ్గా వానలకు ముందే. ఏప్రిల్, మే ఎండకు నీడ వెతుక్కుని కారును కానుగ చెట్టు కిందో వేపచెట్టు కిందో పెడతాం. రాలిన పూత, దుమ్ము కలిసి కాలువ మూలల్లో ముద్దకడతాయి. జూన్‌లో మొదటి వానకు డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది. "సన్‌రూఫ్ పోయింది" అనుకుంటాం.

అందుకే షెడ్డులో అడగాల్సిన మొదటి ప్రశ్న: "నా ముందర నీళ్లు పోసి చూపిస్తారా?" పరీక్ష చాలా తేలిక. సన్‌రూఫ్ తెరిచి, ముందు మూలలోని కాలువలో టీ గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోయాలి. ఒక మనిషి కిందికి వంగి ముందు చక్రం వెనక, తలుపు కీళ్ల దగ్గర చూడాలి. కొన్ని క్షణాల్లో అక్కడ సన్నటి ధార కనిపిస్తే ఆ పైపు బాగున్నట్టు. నీళ్లు మూలలోనే నిలిచిపోతే పూడిక. కాలువలోంచి నీళ్లు మాయమై కింద కూడా రాకపోతే అసలు ప్రమాదం అదే: పైపు ఎక్కడో ఊడింది, నీరు డాష్‌బోర్డు వెనకకో కార్పెట్ కిందికో పోతోంది. అప్పుడు పరీక్ష వెంటనే ఆపేయాలి. ఇలా నాలుగు మూలలూ చూడ్డానికి పావుగంట చాలు. ఇది చేయకుండానే క్యాసెట్ మార్చాలని చెప్పే షెడ్డులో నేనైతే తాళం చెవి ఇవ్వను.

పూడిక తీసే పద్ధతి కూడా అడగాలి. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే పైపు మూల నుంచి ఊడిపోవచ్చు. అది మళ్లీ తగిలించాలంటే సీలింగు దింపాలి. మెత్తటి నైలాన్ తీగతో నెమ్మదిగా పొడిచి తీయడం మేలు. ఇక అద్దం చుట్టూ సిలికాన్ కొట్టేస్తామని ఎవరైనా అంటే వద్దనండి. అది వైద్యం కాదు, రేపు అద్దం తెరవకుండా వేసిన తాళం.

నీటి సమస్య కాకుండా అద్దం కదలడమే లేదంటే వేరే వరస. స్విచ్ నొక్కితే చప్పుడే రాకపోతే ముందు ఫ్యూజు చూడమనాలి, దాని ధర పదుల రూపాయల్లో ఉంటుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చి అద్దం కదలకపోతే కేబుల్ మీద అనుమానం. ఒక పక్కే ముందుకు వచ్చి వంకరగా ఇరుక్కుంటే పట్టాల్లోని ప్లాస్టిక్ గైడు విరిగి ఉండొచ్చు. కొన్ని మోడళ్లకు ఇవి విడిగా దొరుకుతాయి, కొన్నిటికి కంపెనీ క్యాసెట్‌గానే అమ్ముతుంది. "విడిగా రాదు" అని చెబితే పార్ట్ నంబరు చూపించమని అడగండి. అది మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు.

అద్దం పగిలితే

ఎక్కువ సన్‌రూఫ్‌లకు వాడేది టఫెన్డ్ గాజు. దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలితో చల్లారుస్తారు. పైపొర నొక్కుకుని, లోపలి పొర లాగుకుని ఉంటుంది. ఆ బిగువు వల్లే దానికి బలం, ఆ బిగువు వల్లే పగిలితే మొత్తం చిన్న ముక్కలైపోతుంది. తయారయ్యాక దాన్ని కోయడం, రంధ్రం చేయడం కుదరదు. కాబట్టి "మీ సైజుకు కోసి వేస్తాం" అన్నారంటే అది టఫెన్డ్ గాజు కాదన్నమాట. కొత్త అద్దం మూలన ఐ.ఎస్. 2553 ప్రమాణంతో ఐ.ఎస్.ఐ. గుర్తు గానీ, కంపెనీ అసలు అద్దం మీదున్న గుర్తులు గానీ ఉన్నాయేమో చూడాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట తుక్కు కారు నుంచి తీసిన అద్దం చవగ్గా వస్తుంది. కొనొచ్చు, కానీ అంచుల్లో చిన్న పెచ్చు లేచినా వద్దు. టఫెన్డ్ గాజు ప్రాణం అంచులోనే ఉంటుంది.

రాయి తగలకుండా, కొమ్మ పడకుండా కూడా ఇవి పగిలిన ఉదంతాలున్నాయి. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2017లో ప్రభుత్వ రికార్డులు తిరగేసి 1995 నుంచి కనీసం 859 ఫిర్యాదులు లెక్కతేల్చింది. గాజులో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువులు, అంచుకు తగిలిన పాత దెబ్బ, ఫ్రేము ఒత్తిడి, ఇలా కారణాలు చాలా ఉంటాయి. మన షెడ్డులో దీనికి సంబంధించిన ప్రశ్న: ఫ్రేము వంగిందో లేదో కొలిచారా? వంకర ఫ్రేములో కొత్త అద్దం బిగిస్తే అది కూడా ఎంతోకాలం నిలవదు.

పగిలిన ముక్కలు పట్టాల్లోకి, పైపుల్లోకి జారతాయి. వాటిని వాక్యూమ్‌తో తీసే పని ఎస్టిమేట్‌లో ఉందా అని అడగండి. అద్దం ఒక్కటే మార్చడం చాలా మోడళ్లలో నాలుగైదు స్క్రూల పని, గంటా రెండు గంటలు. క్యాసెట్ అయితే సీలింగు మొత్తం దింపాలి. పక్కన కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీశాకే పని మొదలుపెట్టాలి. ఒక రోజు పైనే పడుతుంది. లేబర్ చార్జీలో తేడా ఇక్కణ్నించే వస్తుంది.

క్లెయిమ్ చేయాలా, జేబులోంచి కట్టాలా

మామూలు సమగ్ర పాలసీలో గాజుకు తరుగుదల సున్నా. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం. మిగిలిన భాగాలకు కారు వయసును బట్టి: నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి 35 శాతం. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 రూపాయలు మనమే భరించాలి.

ఒక ఊహా లెక్క. నాలుగున్నరేళ్ల కారు మీద కొమ్మ పడింది. అద్దం 22,000, బీడింగ్ 3,000, లేబర్ 3,000, మొత్తం 28,000 రూపాయలు. బీడింగ్‌లో సగం 1,500, పైన 1,000 పోను బీమా కంపెనీ ఇచ్చేది 25,500. మన వాటా 2,500. అదే షెడ్డు ఎస్టిమేట్‌లో 40,000 రూపాయల క్యాసెట్ కలిపి, లేబర్ 8,000 చేసిందనుకుందాం. మొత్తం 73,000. క్యాసెట్‌కు 35 శాతం తరుగుదల పడితే దాని మీదే 14,000 మనది. బీడింగ్, తప్పనిసరి కోత కలిపితే 16,500. "ఇన్సూరెన్సే కదా సార్ కట్టేది" అనే మాట ఎంతవరకు నిజమో ఇక్కడ తెలుస్తుంది. తరుగుదల కోయని జీరో డెప్ యాడ్ఆన్ తీసుకున్నవాళ్లకు ఈ కోత చాలావరకు తప్పుతుంది.

తరుగుదల కనిపించే ఖర్చు. నో క్లెయిమ్ బోనస్ కనిపించని ఖర్చు. వరసగా క్లెయిమ్ లేని ఏళ్లకు అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. 50 దగ్గరున్నవారు ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నాకు వచ్చి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఆ తర్వాత ఒక్క క్లెయిమ్ కూడా చేయకపోయినా కోల్పోయేది మొదటి ఏడు 50, తర్వాత 30, 25, 15, 5 శాతం. కూడితే 125. అంటే ఈ బోనస్ వర్తించే ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టం) ప్రీమియానికి ఒకటింబావు రెట్లు. ఆ ప్రీమియం ఏటా 10,000 రూపాయలనుకుంటే ఐదేళ్లలో 12,500 పోతుంది (కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి కాస్త తక్కువే). 25,500 వచ్చే క్లెయిమ్‌కు ఇది గిట్టుబాటే. ఆరేడు వేల పనికి క్లెయిమ్ వేస్తే చేతి చమురు వదులుతుంది. బోనస్ కాపాడే యాడ్ఆన్ ఉందేమో పాలసీ కాగితం ముందే చూసుకోండి.

అరిగిపోయిన బీడింగ్, కాలిపోయిన మోటారు, పూడిన పైపు ఏ పాలసీలోనూ రావు. అది ప్రమాదం కాదు, అరుగుదల. వాటిని ప్రమాదంగా రాయిద్దామని షెడ్డువాళ్లు ఉదారంగా చెప్పినా ఒప్పుకోవద్దు. అబద్ధపు క్లెయిమ్ మీద సంతకం మీదే ఉంటుంది. అద్దం పగిలితే మాత్రం ముక్కలు ఊడ్చకముందే ఫొటోలు తీసి, పని మొదలుపెట్టించకముందే బీమా కంపెనీకి చెప్పాలి.

మిల్లీమీటరు తేడా

బిగించాక చూడాల్సింది కొలతే. అద్దం ముందు అంచు రూఫుకు సమానంగా గానీ మిల్లీమీటరు కిందికి గానీ, వెనక అంచు సమానంగా గానీ మిల్లీమీటరు పైకి గానీ ఉండటం ఎక్కువ మోడళ్లలో రివాజు. ముందు అంచు లేచి ఉంటే హైవే మీద ఈల వేస్తుంది. మూల దగ్గర కాగితం ముక్క పెట్టి అద్దం మూసి లాగితే బిగువుగా రావాలి. నాలుగు మూలల్లోనూ ఒకే బిగువు ఉండాలి.

మోటారుకు కొత్త అద్దం కొలతలు నేర్పించే పని ఒకటుంది, దాన్ని ఇనిషియలైజేషన్ అంటారు. అది చేయకపోతే అడ్డం తగిలితే వెనక్కి వెళ్లే రక్షణ సరిగా పనిచేయకపోవచ్చు. అమెరికా నిబంధనల ప్రకారం ఆ రక్షణ ఉన్న సన్‌రూఫ్ 100 న్యూటన్ల, అంటే సుమారు పది కిలోల బరువంత, ఒత్తిడి మించకముందే వెనక్కి మళ్లాలి. వేలు పెట్టి పరీక్షించకండి. చుట్టిన టవలు చాలు.

సన్‌రూఫ్ లేని కారుకు రూఫు కోసి పెడతామనే వాళ్లతో మాట్లాడకపోవడమే మంచిది. రూఫు బలం పోతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో చిక్కు, బీమాతో ఇంకో చిక్కు.

చివరగా బిల్లు. భాగం పేరు, పార్ట్ నంబరు, లేబర్ విడివిడిగా ఉండాలి, గుండుగుత్త లెక్క వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. ఎస్టిమేట్‌లో 28 కనిపిస్తే పాత లెక్క అన్నమాట. తీసేసిన పాత భాగం చూపించమనండి. మాట తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఐదు లక్షల లోపు విలువకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

వారంటీ ఎన్ని నెలలు అనడం కంటే ఏ తేదీ దాకా అని అడగడం తెలివి. జనవరిలో చేసిన పనికి మూడు నెలల వారంటీ ఇస్తే ఏప్రిల్‌లో ముగుస్తుంది, వాన చూసేది జూన్‌లో. హైదరాబాద్, వరంగల్ వాళ్లు కనీసం అక్టోబరు చివరి దాకా, ఈశాన్య రుతుపవనాల వాన తగిలే నెల్లూరు, తిరుపతి వాళ్లు డిసెంబరు చివరి దాకా "నీరు కారితే ఉచితంగా సరిచేస్తాం" అని బిల్లు మీదే రాయించుకుని, స్టాంపు వేయించుకోవాలి.