టర్కీలో హలీంకు చుట్టం ‘కెష్కెక్’

టర్కీ ట్రిప్‌కు వెళ్లే మనవాళ్లు కబాబ్, బక్లావా ఎలాగూ తింటారు. కెష్కెక్ మాత్రం అడిగి మరీ తినాలి. పొట్టు తీసిన గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి, పెద్ద కర్ర సుత్తెలతో మెత్తగా దంచుతారు. దాదాపు మన హలీం పద్ధతే! కాకపోతే మసాలా ఘాటు ఉండదు, పైన కాచిన వెన్న పోస్తారు. పెళ్లిళ్లకు ఊరంతా కలిసి వండే ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2011లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పెళ్లి వంట కాబట్టి ప్రతి హోటల్లోనూ దొరకదు. ముందే వాకబు చేసుకోవడం మంచిది.

ఇస్తాంబుల్ వీధుల్లో నిమ్మకాయ పిండి ఇచ్చే ‘మిద్యే దోల్మా’ దగ్గర మాత్రం కాస్త ఆగండి. అది మసాలా అన్నం కూరిన ఆల్చిప్ప. ముస్లిం దేశంలో అమ్ముతున్నారు కదా అని చాలామంది అడగకుండానే తినేస్తారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఆల్చిప్పలు తినకూడదు. షాఫియీలకు అభ్యంతరం లేదు.