వెబ్‌సైట్‌కు వచ్చిన భక్తుడెవరు? లెక్క తీయడం ఇలా

శ్రీశైలం: కార్తీక మాసం, మహాశివరాత్రి, ఉగాది... ఈ రోజుల్లో శ్రీశైలంలో గది దొరకడం గగనమే. మామూలు రోజుల్లో, అందునా వారం మధ్యలో, పరిస్థితి వేరు. ఒకప్పుడు భక్తులు బస్సు దిగి సత్రాల వెంట తిరిగి వసతి వెతుక్కునేవారు. నేడు ఇంటి వద్దనే సెల్‌ఫోన్‌లో నాలుగైదు వెబ్‌సైట్లు చూసి నిర్ణయించుకుంటున్నారు. అయితే తమ వెబ్‌సైట్‌ను చూసి వెళ్లిపోయిన వారెవరో, ఎందుకు వెళ్లిపోయారో చిన్న లాడ్జీల యజమానులకు తెలియడం లేదు. ఈ లోటును తీర్చేవే మార్కెటింగ్ ఆటోమేషన్ వేదికలు. హబ్‌స్పాట్, జోహో, మాటిక్ వంటివి ఈ కోవకు చెందినవి. వీటిలో మాటిక్ ఉచితం. సర్వర్ ఖర్చు మాత్రం ఎవరికి వారే భరించాలి.

ఎంతమంది వచ్చారన్నది గూగుల్ అనలిటిక్స్ 2005 నుంచే చెబుతోంది. అది తలల లెక్క మాత్రమే. ఆటోమేషన్ వేదిక మరో అడుగు ముందుకు వేసి, ఆ తల ఎవరిదో గుర్తుపెట్టుకుంటుంది.

పని చేసే తీరు

వేదికలో ఖాతా తెరిచి, తమ వెబ్‌సైట్ చిరునామాను నమోదు చేస్తే నాలుగైదు వరుసల కోడ్ లభిస్తుంది. దానిని వెబ్‌సైట్‌లోని ప్రతి పుటలోనూ అతికించాలి. ముఖపుటలో మాత్రమే పెట్టి ఊరుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. అన్ని పుటలకూ ఉమ్మడిగా ఉండే అడుగు భాగంలో పెడితే ఒక్కసారితో పని తీరుతుంది. రెండుచోట్ల పెడితే ఒక్కరి రాక రెండుసార్లు నమోదయ్యే ప్రమాదముంది.

సందర్శకుడు పుట తెరవగానే ఆ కోడ్ అతడి ఫోన్‌లో కుకీ అనే చిన్న గుర్తును ఉంచుతుంది. అప్పటికి అతడు పేరులేని వ్యక్తి. గదుల ధరలు చూసి వెళ్లి, మూడు రోజుల తరువాత మళ్లీ వచ్చి, విచారణ పత్రంలో పేరు, ఫోన్ నంబరు నింపాడనుకుందాం. ఆ క్షణంలో పాత రాకపోకలన్నీ అతడి పేరు కిందికి చేరతాయి. ఈ కూర్పు జరగకపోతే ఇంత శ్రమా వృథా. అందుకే విచారణ పత్రాన్ని సైతం అదే వేదికతో అనుసంధానించాలి.

కుకీకి ఆయుష్షు తక్కువ. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్ ఇటువంటి కోడ్ ఉంచిన కుకీని 7 రోజుల్లో తొలగిస్తుంది. పది రోజుల తరువాత తిరిగి వచ్చిన పాత భక్తుడు కొత్తవాడిగానే కనిపిస్తాడు. సెల్‌ఫోన్ నెట్‌వర్క్ ఆధారంగా చూపే ఊరి పేరునూ పూర్తిగా నమ్మరాదు. నంద్యాలలో కూర్చున్న వ్యక్తి హైదరాబాద్ వాసిగా నమోదు కావచ్చు.

కోడ్ పెట్టిన తరువాత బ్రౌజర్‌లో ప్రైవేటు కిటికీ తెరిచి తమ వెబ్‌సైట్‌ను తామే చూసుకోవాలి. కొద్ది నిమిషాల్లో ఆ రాక వేదికలో కనిపిస్తే అమరిక సరైనదే. ఆ పిదప సిబ్బంది ఫోన్లు, కంప్యూటర్లను లెక్క నుంచి మినహాయించాలి. లేకుంటే నిత్యం తమ వెబ్‌సైట్‌ను చూసుకునే యజమానే అత్యంత ఆసక్తిగల భక్తుడిగా తేలతాడు. గది బుకింగ్ వేరే సంస్థ వెబ్‌సైట్‌లో జరిగేటట్లయితే కోడ్ అక్కడ కూడా ఉండాలి. అందుకు ఆ సంస్థ అనుమతించకపోతే, బుకింగ్ మీట నొక్కడం వరకే జాడ తెలుస్తుంది.

కొండకు తగిన లెక్క

పాశ్చాత్య దేశాల పద్ధతి అంతా ఈమెయిల్ చుట్టూ తిరుగుతుంది. శ్రీశైలం వచ్చే భక్తుడు ఈమెయిల్ ఇవ్వడు, ఫోన్ చేస్తాడు. కనుక ఫోన్ నంబరుపై, వాట్సాప్ గుర్తుపై నొక్కడాన్ని ప్రత్యేక ఘటనలుగా నమోదు చేయించడం ముఖ్యం. ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు పెద్ద సంఖ్యలో తరలివస్తారు. భ్రమరాంబను వారు తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు. ఉగాదికి ముందు వారాల్లో కన్నడ పుటను ఎందరు తెరిచారో చూస్తే ఎన్ని గదులు సిద్ధం చేయాలో అంచనాకు వస్తుంది.

వేదికలు సందర్శకులకు మార్కులు కూడా వేస్తాయి. ధరల పుట చూస్తే 5, ఫోన్ నొక్కితే 20 అని యజమానే నిర్ణయించుకోవచ్చు. భక్తులకు మార్కులేమిటని నొచ్చుకోనవసరం లేదు. అవి భక్తికి కాదు, గది అవసరానికి. గది ఖరారైన వారికి నల్లమల అటవీ మార్గం రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు మూసి ఉంటుందన్న సందేశం తనంతట తానే వెళ్లేలా అమర్చవచ్చు. వ్యాపారం మాట ఎలా ఉన్నా, దోర్నాల వద్ద పిల్లలతో రాత్రంతా నిరీక్షించే బాధ తప్పుతుంది. ఎస్సెమ్మెస్ పంపాలంటే ట్రాయ్ నిబంధనల మేరకు పంపేవారి పేరు, సందేశ నమూనాలను టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో ముందుగా నమోదు చేసుకోవాలి.

ఆళ్లగడ్డ శిల్పులకూ ఇది ఉపయోగమే. విగ్రహం కొనేవారు ఒక్క రోజులో నిర్ణయం తీసుకోరు. ఏ విగ్రహాన్ని పదే పదే చూశారో తెలిస్తే, ఆ రాయి గురించీ ఆ కొలత గురించీ మాట్లాడవచ్చు.

అనుమతి తప్పనిసరి

ఇలా సేకరించినదంతా ఒకరి వ్యక్తిగత సమాచారం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ సమాచారం, ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా తెలిపి సమ్మతి పొందాలి. ఆ ప్రకటనను తెలుగులో చదువుకునే వీలు భక్తుడికి కల్పించాలి. 18 ఏళ్లలోపు పిల్లల ప్రవర్తనపై నిఘా నిషిద్ధం. జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

శ్రీశైలంలో ఈ జాగ్రత్తకు మరో కారణముంది. దేవస్థానం పేరిట నకిలీ వెబ్‌సైట్లు సృష్టించి, గదుల బుకింగ్ అంటూ భక్తుల సొమ్ము కాజేసిన ఘటనలు ఇటీవలి సంవత్సరాల్లో వెలుగుచూశాయి. వాటిలోనూ విచారణ పత్రాలు ఉంటాయి, ఫోన్ నంబర్లు అడుగుతారు. ఒకసారి మోసపోయిన భక్తుడు నిజమైన సత్రం పత్రాన్ని నింపడానికీ జంకుతాడు. కాబట్టి పత్రంలో పేరు, ఫోన్, వచ్చే తేదీకి మించి అడగకపోవడం మేలు. ఆధార్ కాపీ గది తాళం ఇచ్చేటప్పుడు చూడవచ్చు, వెబ్‌సైట్‌లో అవసరం లేదు. సొమ్ము పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.