చాక్లెట్లున్నాయి, కంప్యూటర్‌కే తెలీదు

ఏమర్రా, ఇలా వచ్చి కూర్చోండి. మన పెద్దాడు బీకాంలో చేరాడు కదా, "ఈఆర్‌పీ పెట్టుకుంటే కంపెనీ తనంతట తనే నడిచిపోతుందట తాతయ్యా" అంటున్నాడు. నడవదు నాన్నా. అయితే అదేం చేస్తుందో మాత్రం తెలుసుకోవాల్సిందే.

కంపెనీ ఒకటే అయినా పుస్తకాలు నాలుగైదు ఉంటాయి. అమ్మేవాళ్లదొకటి, గోడౌన్ వాళ్లదొకటి, కొనేవాళ్లదొకటి, అకౌంట్స్ వాళ్లదొకటి. పెళ్లింట్లో వంటాయనకి మేనమామ మూడొందలమందని, పెళ్లికొడుకు బాబాయి అయిదొందలమందని చెప్పినట్టు, ఏ ఇద్దరి లెక్కా కలవదు. ఈ పుస్తకాలన్నీ తీసేసి అందరికీ ఒకే పుస్తకం పెట్టడమే ఈఆర్‌పీ.

ఇందులో నాకు నచ్చే లెక్క ఒకటుంది, వినండి. 30వ తేదీకి 200 సీలింగ్ ఫ్యాన్లు పంపాలనుకోండి. ఫ్యానుకి మూడు రెక్కలు, మొత్తం 600. గోడౌన్లో 250 ఉన్నాయి, ఇంకో 350 కావాలి. బిగించడానికి 4 రోజులు, రెక్కలు రావడానికి 10 రోజులు. వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే 16వ తేదీకల్లా ఆర్డరు పెట్టాలి. మోటారుకీ, కండెన్సర్‌కీ, స్క్రూకీ ఇదే లెక్క. ఇరవై రకాల ఫ్యాన్లుంటే మనిషి బుర్ర వేడెక్కిపోతుంది. అమెరికాలో జోసెఫ్ ఆర్లికీ అనే ఆయన 1964లో దీన్నొక పద్ధతిగా కుదిర్చాడు. డ్రిల్లింగ్ మిషన్లు చేసే బ్లాక్ అండ్ డెకర్ దాన్ని మొదట వాడింది. ఆ తర్వాత 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన అయిదుగురు జర్మనీలో శాప్ కంపెనీ పెట్టి, డబ్బు లెక్కల్నీ సరుకు లెక్కల్నీ ఒకచోటికి తెచ్చారు. అమీర్‌పేట గోడలమీద కోచింగ్ బోర్డుల్లో కనిపించే శాప్ అదే!

లాభం కళ్లముందే కనిపిస్తుంది. కొనుగోలు ఆర్డరు, గోడౌన్లో దిగిన సరుకు, వచ్చిన బిల్లు, మూడూ సరిపోతేనే చెల్లింపు కదులుతుంది. వందకి ఆర్డరిచ్చి, తొంభై దిగితే, వందకి బిల్లు పంపినవాడి ఆటలు సాగవు.

మరి ఖర్చో? లైసెన్సు ఖర్చు అందులో ఒక వాటా మాత్రమే. అసలు ఖర్చు పాత లెక్కలు శుభ్రం చేయడంలో ఉంది. ఒకే బోల్టుని ఒకాయన "ఎం8 బోల్టు" అని, ఇంకొకాయన "8 ఎంఎం బోల్టు" అని రాసుకుంటే కంప్యూటర్ రెండు సరుకులనుకుంటుంది. పక్క డబ్బాలో అదే బోల్టు మూలుగుతుంటే మళ్లీ కొనమంటుంది. పైగా కన్సల్టెంట్ల ఫీజులు, సిబ్బందికి శిక్షణ, ఏటా మెయింటెనెన్సు. "మా పద్ధతి మారదు, సాఫ్ట్‌వేరే మారాలి" అని పట్టుబడితే బిల్లు ఎక్కడాగుతుందో చెప్పలేం. జర్మనీలో లిడిల్ అనే సూపర్‌మార్కెట్ కంపెనీ స్టాకుకి కొన్న ధర కడుతుంది. శాప్ మామూలుగా అమ్మే ధర కడుతుంది. దాన్ని తమ పద్ధతికి వంచబోయి, ఏడేళ్లపాటు దాదాపు 50 కోట్ల యూరోలు పోశాక 2018లో వదిలేశారు. నన్నడిగితే అంత మొండితనం తగదు.

చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీ కథ ఇంకా విచిత్రం. నిపుణులు 48 నెలలు పడుతుందన్న పనిని, 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తికమకపడతాయన్న భయంతో, 30 నెలల్లో కానిచ్చేద్దామన్నారు. 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, 1999 జులైలో శాప్‌తో కొత్త సిస్టం ఎక్కించారు. సరిగ్గా హాలోవీన్ పండగ ఆర్డర్లు ముంచుకొచ్చే వేళ! సీజన్లో సరుకు ఎక్కువైతే దొరికిన గదుల్లో సర్దేయడం వాళ్ల అలవాటు. గోడౌన్ మనుషులకి ఆ గదులు తెలుసు. సిస్టంలో మాత్రం ఎవరూ ఎక్కించలేదు. చాక్లెట్లున్నా, కంప్యూటర్ దృష్టిలో లేనట్టే. 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయారు. ఆ సీజన్లో మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది.

అదే హెర్షీ 2002లో అదే శాప్ కొత్త రకానికి మారింది. ఈసారి తొందరపడలేదు, ముందే బాగా పరీక్షించుకుంది. అనుకున్న ఖర్చులో అయిదో వంతు మిగిలింది కూడా.