పాత కంప్రెసరు: విప్పక ముందు చేయవలసిన పరీక్షలు

టైర్లకు గాలి కొట్టు దుకాణములలోను, లారీలకు రంగు చల్లు షెడ్డులలోను ఒక మూల ఇనుప పీపా వంటి ట్యాంకు, దానిపై దడదడలాడు పంపు కనబడును. ఏండ్ల తరబడి పనిచేసిన ఇట్టి కంప్రెసరుకు ఒకనాడు “గాలి ఎక్కుట లేదు” అను జబ్బు వచ్చును. వెంటనే స్పానరు తీసి హెడ్డు విప్పుట చాలమందికి అలవాటు. కాని చేతిలో గడియారము, గిన్నెలో సబ్బునీళ్ళు, కొంచెము లెక్క ఉన్నచో జబ్బు ఎక్కడిదో విప్పకయే చాలవరకు తెలిసికొనవచ్చును.

పిస్టను క్రిందికి దిగినపుడు లోపలి కవాటము తెరచుకొని బయటి గాలి సిలిండరులోనికి వచ్చును. పిస్టను పైకి లేచినపుడు అది మూసికొనును. నొక్కబడిన గాలి రెండవ కవాటమును తోసికొని ట్యాంకు చేరును. ఈ కవాటములు అనేక యంత్రములలో సన్నని ఉక్కురేకులు మాత్రమే.

రెండు సిలిండర్ల పంపు నొకదానిని తీసికొందము. సిలిండరు వ్యాసము 7 సెంటీమీటర్లు, పిస్టను నడక 6 సెంటీమీటర్లు, నిమిషమునకు 700 చుట్లు. లెక్కకు నిమిషమునకు 323 లీటర్ల గాలి రావలెను. కవాటముల అడ్డంకి వలనను, సిలిండరు కొనలో మిగిలిపోవు గాలి వలనను 70 శాతము దక్కు ననుకొందము. అనగా 226 లీటర్లు. 160 లీటర్ల ట్యాంకుపై గేజి సున్న నుండి 7 వాతావరణములు చూపవలెనన్న, 1662లో బాయిలు ప్రకటించిన సూత్రము ప్రకారము 160×7, అనగా 1,120 లీటర్ల బయటి గాలి కావలెను. ఇది ఐదు నిమిషముల పని. పదునైదు నిమిషములు పట్టుచున్నదన్న, పంపైనను నీరసించినది, ట్యాంకైనను కారుచున్నది.

మోటారు ఆపి, బయటికిపోవు కాక్ మూసి, గేజి చూడవలెను. కొంతసేపటికి ముల్లు 7 నుండి 6.5కు దిగినచో “కారుచున్నది” అని తీర్పు చెప్పుట తొందరపాటు. గేజి బయటి గాలి పీడనమును లెక్కలో చేర్చదు. ట్యాంకులోని నిజమైన పీడనము 8 వాతావరణములు. వేడిగాలి 50 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు చల్లబడినచో, 8ని 303తో హెచ్చించి 323తో భాగింపగా 7.5 వచ్చును. చుక్క గాలి పోకయే ముల్లు అర వాతావరణము దిగినది! తరగతిలో చార్లెసు సూత్రము చెప్పు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. కనుక ట్యాంకు చల్లారిన పిదపనే పరీక్ష. అప్పుడు పది నిమిషములలో ఒక వాతావరణము తగ్గినచో 160 లీటర్లు పోయినట్లు, నిమిషమునకు 16. ఇది పంపు ఇచ్చు గాలిలో 7 శాతమే. ఈ కారుడును సబ్బునీళ్ళతో వెదకి మాన్పవలసినదే గాని, పదునైదు నిమిషముల ఆలస్యమునకు ఇది కారణము కాజాలదు. అసలు దోషము పంపులోనే ఉన్నది.

పంపు నడచుచుండగా వడపోత గొట్టము వద్ద చేయి ఉంచినచో గాలి లోనికి పీల్చుటయే గాక వెనుకకు చిమ్ముచున్నదా? లోపలి కవాటము సరిగా కూర్చొనుట లేదు. నూనె పోయు రంధ్రము నుండి గాలి బలముగా వచ్చుచున్నచో పిస్టను రింగులు అరిగినవి. హెడ్డు మామూలు కంటె మిక్కిలి కాలుచున్నచో రెండవ కవాటమును అనుమానింపవలెను. గాలిని ఒక్క దెబ్బతో 8 వాతావరణములకు నొక్కి, వేడి బయటికి పోనీయకున్నచో, 30 డిగ్రీల గాలి సుమారు 275 డిగ్రీలకు చేరును. రెక్కలు కొంత చల్లార్చినను, అక్కడ నూనె మాడి బొగ్గగును. బొగ్గు అడ్డుపడిన కవాటము వేడిగాలిని వెనుకకు వదలును. అదే గాలి మరల నొక్కబడి మరింత వేడెక్కును. ఈ బొగ్గును కిరసనాయిలుతోగాని పెట్రోలుతోగాని కడుగరాదు. మిగిలిన ఆవిరి అంటుకొని పేలగలదు. సబ్బునీళ్ళతో కడిగి, బాగుగ ఆరబెట్టి బిగింపవలెను. విప్పుటకు ముందు విద్యుత్తు ఆపి, గాలి యంతయు వదలవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

పంపు జబ్బులు ఖర్చుతో పోవును. ట్యాంకు జబ్బు ప్రాణములతో కూడినది. 30 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటియావిరిని మోయగలదు. చెమ్మగాలిని 8 వాతావరణములకు నొక్కి చల్లార్చినచో, ఘనమీటరు బయటి గాలికి ఇరువది గ్రాముల నీరు ట్యాంకు అడుగున చేరును. దినమునకు 50 ఘనమీటర్లు వాడు షెడ్డులో ఇది ఒక లీటరు. అడుగు కాక్ తిప్పి దానిని దినదినము వదలకున్న ఇనుము లోపలినుండి తుప్పు పట్టును. పైన రంగు మాత్రము నిగనిగలాడుచుండును.

ఒకనాడు సూదిమొన యంత రంధ్రము పడును. దానిని వెల్డింగుతో పూడ్చు వారున్నారు. రంధ్రము పడినదన్న దాని చుట్టును రేకు కాగితమైనదని అర్థము. ఆ ట్యాంకును మార్చవలెను. నిండిన ట్యాంకులోని శక్తి సుమారు 1,50,000 జౌళ్ళు, అనగా టన్ను బరువును 15 మీటర్ల ఎత్తునకు విసరగలిగినంత. అందుచేతనే పాత ట్యాంకుల బలమును గాలితో గాక నీటితో పరీక్షింతురు. గాలి బుడగ మిగులకుండ నీరు నింపి, చేతిపంపుతో పనిపీడనమునకు మించి నొక్కుదురు. నీరు దాదాపు నొక్కబడదు గనుక దానిలో శక్తి స్వల్పముగనే నిలువయుండును. రేకు చీలినచో నీరు కొంత చిమ్మును, గేజి ముల్లు వెంటనే సున్నకు పడిపోవును.