ధనుర్మాసానికి ముందే ధనుర్మాసం

మాసాలలో మార్గశీర్షం తానేనని గీతాచార్యుడు సెలవిచ్చాడు. ఆ మాసపు వేకువలకు పాటను ప్రసాదించిన తల్లి గోదాదేవి. డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యభగవానుడు ధనూరాశిలో ప్రవేశించింది మొదలు భోగి పండుగ వరకు వైష్ణవాలయాలలో ప్రతి వేకువా తిరుప్పావైతోనే తెల్లవారుతుంది. తిరుమలలో ఈ నెల రోజులూ సుప్రభాతానికి బదులు తిరుప్పావైతోనే శ్రీవారికి మేలుకొలుపు. ఇది భక్తులందరూ ఎరిగిన విషయమే. అయితే ఆ 30 పాశురాలు పదిమంది నోట ఒక్క గొంతుగా పలకడానికి వెనుక ఎన్ని నెలల సాధన ఉన్నదో, ఆ సాధనలో ఎంతటి ఆనందమున్నదో గోష్ఠిలో కూర్చున్నవారికే ఎరుక.

ఆడిపూరం నాడు శ్రీకారం

మా ఆలయంలో గోష్ఠి అభ్యాసం ఆడిపూరం నాడు మొదలవుతుంది. కర్కాటక మాసంలో పుబ్బా నక్షత్రం నాడు శ్రీవిల్లిపుత్తూరు తులసీవనంలో విష్ణుచిత్తులకు గోదాదేవి లభించింది. ఆ తల్లి తిరునక్షత్రమే మాకు శ్రీకారం. అంటే ధనుర్మాసానికి నాలుగు నెలల పైచిలుకు ముందన్నమాట. వారానికి రెండు సాయంత్రాలు, దీపారాధన ముగిసిన తరువాత, ముఖమండపంలో గృహిణులు, విశ్రాంత ఉపాధ్యాయులు, బడిపిల్లలు చేరతారు. బయట ఉక్కపోత. నోట మాత్రం మంచు కురిసే వేకువ, చన్నీటి స్నానం! మొదటి రోజున పిల్లలకు నవ్వు ఆగదు.

నాలుగవ పాశురంలో గోదాదేవి వర్షదేవుణ్ణి పిలిచి, స్వామి చక్రంలా మెరవమని, శంఖంలా ఉరమమని, శార్ఙ్గం విడిచిన బాణాల్లా కురవమని ఆదేశిస్తుంది. ఒక శ్రావణమాసపు సాయంత్రం సరిగ్గా ఆ పాశురం వల్లె వేస్తూండగా మండపం చుట్టూ వాన అందుకున్నది. పాఠం ఆగిపోయింది. “మన పాట వినిపించింది స్వామీ!” అన్నాడొక పిల్లవాడు. ఆ మాటకు మించిన వ్యాఖ్యానం నేను చెప్పలేకపోయాను.

నాలుకకు తపస్సు

ఒక్కొక్క పాశురానికి ఎనిమిది పాదాలు. భాష ద్రావిడం. అందులోని ‘ఴ’ కారం ప్రాచీన తెలుగు శాసనాలలో ఉన్నదే అయినా, నేడు మన నాలుకలు దానిని మరచిపోయాయి. చాలా తెలుగు పుస్తకాలలో దానిని ‘ళ’ అనే అచ్చువేస్తారు. నాలుకను వెనుకకు మడిచి, అంగిలికి తాకీ తాకకుండా పలికించడానికే కొందరికి నెల పడుతుంది. ఆ పైన గోష్ఠి క్రమం. రెండు వరుసలుగా కూర్చుని, ఒక వరుస విడిచిన చోట రెండవ వరుస అందుకోవాలి. ఊపిరి ఎక్కడ తీయాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో తెలియాలి.

సన్నిధిలో పారాయణ ఫణితి వేరు, భజనలో రాగయుక్తంగా పాడడం వేరు. విద్వాన్ అరియక్కుడి రామానుజ అయ్యంగార్ తిరుప్పావైకి రాగాలు కూర్చి మహోపకారం చేశారు. మొదటి ఐదు పాశురాలకు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలను వరుసగా ఎన్నుకున్నారు. త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనల వరుస కూడా అదే! ఈ సంగతి చెప్పగానే సంగీతం తెలిసిన మాతృమూర్తుల ముఖాలు వికసిస్తాయి.

నేను చేసిన అపచారం

ఇక నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం అక్షరజ్ఞానం లేని ఒక వృద్ధురాలు అభ్యాసానికి వచ్చేది. విని నేర్చుకోవడమే తప్ప చదవలేదు. ఎంత చెప్పినా ఆ ‘ఴ’ కారం ఆమెకు పట్టుబడలేదు. ఒకనాడు అందరి ఎదుట, “అమ్మా, మీరు మనసులో అనుకోండి, చాలు” అన్నాను. స్వరశుద్ధి మీది శ్రద్ధే నా చేత ఆ మాట అనిపించిందని సమర్థించుకున్నాను. మరునాటి నుంచి ఆమె రాలేదు.

రెండు వారాలు గడిచాయి. అభ్యాసం ఆరవ పాశురానికి చేరింది. అక్కడి నుంచి పదిహేనవ పాశురం వరకు గోదాదేవి చేసేదేమిటి? నిద్రిస్తున్న చెలుల వాకిళ్లకు వెళ్లి ఒక్కొక్కరినీ లేపుతుంది. పక్షులు కూస్తున్నాయంటుంది, శంఖం మ్రోగిందంటుంది, పెరుగు చిలికే చప్పుడు వినలేదా అంటుంది. బతిమాలుతుంది, మేలమాడుతుంది. 30 పాశురాలలో పదింటిని ఇందుకే వెచ్చించింది. స్వామి సన్నిధికి ఒంటరిగా వెళ్లడం ఆ తల్లికి తెలియదు. అటువంటి పాశురాలను బోధిస్తూ, వచ్చిన చెలిని నేనే వాకిట్లోంచి పంపివేశానే అని గుండె కలుక్కుమన్నది.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లాను. “నా నోరు తిరగదు స్వామీ, నా వల్ల గోష్ఠి చెడకూడదు” అన్నది. “మిమ్మల్ని లేపడానికి వచ్చానమ్మా, ఆలస్యంగా వచ్చాను, క్షమించండి” అన్నాను. మరుసటి పాఠానికి ఆమె వచ్చింది. ఆమెకు కుడిఎడమల గొంతు గట్టిగా ఉన్నవారిని కూర్చోబెట్టాము. వారిని అనుసరించి ఆమె పలికింది. ఆ ధనుర్మాసంలో 27వ పాశురం నాడు, చక్కెరపొంగలి నివేదన వేళ, కళ్లు మూసుకుని పాడుతున్న ఆమెను చూశాను. ఆ అక్షరం అప్పటికీ సరిగా రాలేదు. గోష్ఠి మాత్రం చెడలేదు.

సాధనే వ్రతం

ఉచ్చారణ శుద్ధి వద్దని నా అభిప్రాయం కాదు. అందుకే ఇన్ని నెలలు ముందుగా కూర్చుంటాము. వ్యవధి ఉన్నప్పుడే ఓర్పు ఉంటుంది. ముందురోజు హడావిడిగా నేర్పేవాడు తప్పులనే చూస్తాడు. ముందుగా మొదలుపెట్టినవాడికి మనుషులను చూసే తీరిక దొరుకుతుంది. స్వామిని మేల్కొలిపే ముందు చెలులను మేల్కొలపడమూ వ్రతంలో భాగమే అయినప్పుడు, అభ్యాసపు సాయంత్రాలు వ్రతానికి వెలుపలివి కావు.

రాబోయే ఆడిపూరం నాడు మీ సమీపంలోని ఆలయంలో గోష్ఠి అభ్యాసం ఉంటే వెళ్లండి. లేకుంటే నలుగురు కలిసి మీ ఇంటనే మొదలుపెట్టండి. నోరు తిరగదని వెనుకాడే పొరుగువారి తలుపు కూడా ఒకసారి తట్టండి. గోదాదేవి కటాక్షం అందరికీ కలుగుగాక!