ఇంటికి తీసుకువెళ్లండి అన్న తరువాత

1996లో మా పాస్టరేటుకు చెందిన ఒక పల్లెలో, శ్రీకాకుళం వైపు, వృద్ధురాలైన ఒక సహోదరి ఉండేవారు. ఆ ప్రాంతపు స్త్రీలలో చాలామందికి ఉన్నట్టే ఆమెకూ అడ్డపొగ అలవాటు. అనగా చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోటిలోపల ఉంచుకొని కాల్చడం. అంగిట్లో పుండు లేచింది, మానలేదు. పట్నంలో పెద్దాస్పత్రికి తీసుకువెళ్తే పరీక్షలన్నీ చేసి, "క్యాన్సర్ ముదిరిపోయింది. ఇక చేయగలిగిందేమీ లేదు. ఇంటికి తీసుకువెళ్లి ఇష్టమైనవి పెట్టండి" అన్నారు. గంజి మింగలేని మనిషికి ఇష్టమైనవి ఏమి పెట్టగలరు?

ఆ తరువాత ఆమె నాలుగు నెలలు బ్రతికారు. శుక్రవారం శుక్రవారం మేము ప్రార్థనకు వెళ్లేవాళ్లం. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మూలుగు ఆపుకొనేవారు. రాత్రులు ఆ మూలుగు వీధి చివరి వరకు వినిపించేదట. ఒకనాడు ఆమె కుమార్తె మమ్మల్ని గుమ్మం బయటికి పిలిచి, "అయ్యగారూ, అమ్మను బేగి తీసుకుపొమ్మని ప్రార్థన చెయ్యండి" అంది. మేము తల వంచుకొని నిలబడ్డాము. దేవుని చిత్తమమ్మా అన్నాము. అంతకంటే మాకేమీ తెలియదు.

ఇన్నేళ్ల తరువాత ఈ సంగతి ఎందుకు రాస్తున్నామంటే, ఆమె బాధకు ఆనాటికే మందు ఉంది. అది మార్ఫిన్ అనే చిన్న మాత్ర. క్యాన్సర్ నొప్పికి దానిని నోటి ద్వారా, వేళ తప్పకుండా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే పుస్తకం వేసి చెప్పింది. ఆ మాత్రకు మూలమైన నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాలలో ప్రభుత్వ అనుమతితో పండుతుంది, ఇతర దేశాలకూ ఎగుమతి అవుతుంది. మా పల్లెకు మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో తెలుసుకోబోతే మాకు ఒక సంఘం సంగతి తెలిసింది. సంఘం అనగానే మనకు ఆదివారపు ఆరాధన గుర్తుకు వస్తుంది గాని, ఇది వైద్యుల సంఘం. పేరు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్. 1994లో ఏర్పడింది. పాలియేటివ్ కేర్ అంటే ఉపశమన వైద్యం. రోగం నయం కాకపోయినా నొప్పి, ఆయాసం, వాంతులు, పుండు వాసన, నిద్రలేమి, ఇంటివారి దిగులు, వీటన్నిటినీ తగ్గించే వైద్యం. ఇందులో డాక్టర్లే కాదు, నర్సులు, సమాజ సేవకులు, స్వచ్ఛందంగా పనిచేసేవారు కూడా సభ్యులు. అది మాకు నచ్చింది. మంచం పట్టిన మనిషి దగ్గర డాక్టరు పది నిమిషాలుంటే నర్సమ్మ రోజంతా ఉంటుంది.

ఈ వైద్యానికి దారి వేసినది ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్. మొదట నర్సు. నడుము నొప్పి వలన ఆ పని మానుకొని ఆస్పత్రిలో రోగుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో చేరింది. 1948లో లండనులో, నా అన్నవారు లేని ఒక పోలెండు దేశపు యూదుడు క్యాన్సర్‌తో మరణిస్తూ, ఆమె కట్టబోయే గృహంలో ఒక కిటికీ కోసమని 500 పౌండ్లు విడిచిపెట్టాడు. చనిపోయేవారిని విడిచిపోతున్నది డాక్టర్లే గనుక నువ్వు డాక్టరువు కావాలని ఒక పెద్ద డాక్టరు చెబితే ముప్పై దాటిన వయసులో వైద్యం చదివి, 1957లో పట్టా పుచ్చుకుంది. ఆ కిటికీకి గోడలు లేవడానికి 19 ఏళ్లు పట్టింది. సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ 1967లో తెరిచారు. ఆమె విశ్వాసురాలు. 2005లో ఆ గృహంలోనే కన్ను మూసింది.

మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో మొదలైంది. దాని పేరు శాంతి అవేదన. 1993లో కేరళలోని కాలికట్‌లో మత్తు డాక్టరైన ఎం. ఆర్. రాజగోపాల్ గారు, సురేష్ కుమార్ గారు, వారి స్నేహితులు కలిసి చిన్న క్లినిక్ తెరిచారు. అలా అక్కడక్కడా ఒంటరిగా పాటుపడుతున్న వారిని ఒక గొడుగు కిందికి తెచ్చినది ఈ సంఘం. ఏటేటా సభలు జరుపుతుంది. తన పత్రిక నడుపుతుంది. జిల్లాలలో పనిచేసే డాక్టర్లకు, నర్సులకు ఈ వైద్యంలో శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. 2015 ఫిబ్రవరిలో దాని సభలు హైదరాబాద్‌లో జరిగాయి.

అయితే వారికి ఎదురైన పెద్ద కొండ చట్టం. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారాన్ని అరికట్టాలన్నది మంచి ఉద్దేశమే. కాని ఒక్క మార్ఫిన్ సీసా తెప్పించుకోవాలంటే ఆస్పత్రికి నాలుగైదు లైసెన్సులు, వేర్వేరు కార్యాలయాల నుండి, అన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. లెక్క తప్పితే పదేళ్ల జైలు భయం. మందుల షాపులవారు మాకెందుకని మానుకున్నారు. వందల కిలోలు వాడిన దేశంలో 1997 నాటికి ఏడాది వాడకం 18 కిలోలకు పడిపోయింది. మా సహోదరి కన్ను మూసినది ఆ రోజులలోనే. ఈ సంఘమూ, రాజగోపాల్ గారి వంటివారూ ఏళ్ల తరబడి ఢిల్లీకి తిరిగి తిరిగి, చివరికి 2014లో పార్లమెంటు చేత ఆ చట్టాన్ని సవరింపజేశారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్యసంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఇచ్చే ఒక్క అనుమతి చాలు.

చట్టం మారినంత సులువుగా భయం పోలేదు. మన ఇళ్లలోనూ ఉంది. మార్ఫిన్ అంటే మత్తుకు బానిస అవుతారంటారు. నొప్పికి తగినంత, డాక్టరు చెప్పినట్లు వాడేవారిలో అది బహు అరుదు. ఇది ప్రాణం తీసే మందు కాదా అని మన విశ్వాసులు కొందరు అడుగుతారు. కాదు. ఉపశమన వైద్యులు మరణాన్ని తొందరపెట్టరు, బలవంతంగా వాయిదా వేయరు. మొదటి రోజులలో మగతగా ఉండవచ్చు, వికారం ఉండవచ్చు. మలబద్ధకం తప్పదు గనుక దానికీ మందు కలిపి ఇస్తారు. మాత్ర సొంతంగా పెంచకూడదు, మానకూడదు, ఎవరికో రాసినది మరొకరికి ఇవ్వకూడదు.

2010లో భారత వైద్య మండలి ఉపశమన వైద్యాన్ని ఎం.డి. చదువుగా గుర్తించింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రులకూ ఈ సేవ పాకింది, నర్సులు వ్యానులో పల్లెలకు వెళ్తున్నారు. అన్ని చోట్లా ఉందని చెప్పలేము. కనుక చదువరులకు మా మనవి ఒకటే. డాక్టరుగారు "ఇంటికి తీసుకువెళ్లండి" అన్నప్పుడు, లేచి రాక ముందు, "అయ్యా, ఇక్కడ పాలియేటివ్ విభాగం ఉందా? లేకపోతే దగ్గరలో ఎక్కడుంది?" అని అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు. కోప్పడినా అడగండి.

అదే పల్లెలో, అదే వీధిలో, పోయిన సంవత్సరం ఒక సంఘ పెద్దగారికి గొంతు క్యాన్సర్ ముదిరింది. ఆయన కుటుంబం అలా అడిగింది. విశాఖపట్నంలో ఒక ఆస్పత్రి నుండి మాత్రలు తెచ్చుకున్నారు. మేము ప్రార్థనకు వెళ్లేసరికి ఆయన దిండుకు ఆనుకొని కూర్చొని ఉన్నారు. గోడకు ఒక నోటుపుస్తకం వేలాడుతోంది. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని గీతలు గీసి ఉన్నాయి. మాత్ర వేసిన ప్రతిసారీ ఎనిమిదో తరగతి చదివే మనవడు టిక్కు పెడతాడట. మేము పాట ఎత్తుకోబోతుంటే, "ఆగండి అయ్యగారూ, రెండయింది" అని వాడు లేచి నీళ్ల గ్లాసు అందుకున్నాడు.