రక్తవ్యాధులు, రక్తపోటు - వంశపారంపర్య కారణాలు
(ప్రత్యేక వ్యాసం)

అనంతపురం: 'రక్తహీనత' అనే ఒకే మాట చాటున రెండు వేర్వేరు వ్యాధులు దాగి ఉంటాయి. ఒకటి పోషకాహార లోపం వల్ల కలిగేది. ఇనుము మాత్రలతో, తగిన ఆహారంతో నయమయ్యేది. రెండవది తల్లిదండ్రుల జన్యువుల నుంచి సంక్రమించేది. ఎన్ని మాత్రలు మింగినా తగ్గనిది. వర్షాభావంలో జైసల్మేర్ తరువాతి స్థానం తనదేనని పేరుపడిన అనంతపురం ప్రాంతంలో మొదటి రకానికి కరవే చాలిన కారణం. అందువల్లనే రెండవ రకాన్ని అనుమానించేవారు అరుదు. పాలిపోయిన బిడ్డను చూడగానే తిండి చాలలేదనుకోవడం సహజం. ఆ బిడ్డకు తలసేమియా ఉన్నట్లయితే, ఆ అపోహలో గడిచే ప్రతి నెలా నష్టమే.

సికిల్ సెల్ వ్యాధి గురించిన తొలి పరిజ్ఞానం చాలావరకు ఆఫ్రికా సంతతి ప్రజలపై జరిగిన పరిశీలనల నుంచి లభించింది. కొడవలి ఆకారపు ఎర్ర రక్తకణాలను 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ కరేబియన్ ద్వీపమైన గ్రెనడాకు చెందిన ఒక విద్యార్థి రక్తంలో గుర్తించి ప్రకటించారు. హిమోగ్లోబిన్ అణువులోని లోపమే ఈ వ్యాధికి మూలమని 1949లో లైనస్ పౌలింగ్ బృందం నిరూపించింది. ఈ జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుందని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికా పరిశీలనల ఆధారంగా వెల్లడించారు. మలేరియా పీడిత ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచి ఉండటానికి కారణం ఇదే.

ఇది ఆఫ్రికా వ్యాధి మాత్రమేనన్న భావన 1952లో తొలగిపోయింది. ఆ ఏడాది నీలగిరి గిరిజనుల్లో సికిల్ సెల్ బయటపడింది. మన రాష్ట్రంలో ఇది ముఖ్యంగా పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల సమస్య. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్లలోపు వయస్సు గల 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలని, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకున్నది. అయితే మెట్ట ప్రాంతమైన అనంతపురంలో ముందుగా ఆలోచించవలసినది సికిల్ సెల్ కంటే తలసేమియా గురించే.

దేశ జనాభాలో 3 నుంచి 4 శాతం మంది తలసేమియా వాహకులు. వీరికి లోపభూయిష్టమైన జన్యువు ఒక్కటే ఉంటుంది గనుక జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటారు. తాము వాహకులమన్న సంగతి వారికే తెలియదు. ఇద్దరు వాహకులు దంపతులైనప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్ర వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది గనుక తరువాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఇక్కడ మేనరికం ప్రస్తావన తప్పదు. వరుడు వాహకుడైతే, బయటి కుటుంబం నుంచి వచ్చిన వధువు కూడా వాహకురాలయ్యే అవకాశం దేశ సగటు ప్రకారం 25 నుంచి 30 మందిలో ఒకరికి మాత్రమే. మేనత్త కూతురో, మేనమామ కూతురో అయితే అదే పూర్వీకుని జన్యువు ఆమెకూ వచ్చి ఉండే అవకాశం 8లో 1. అక్క కూతురే అయితే 4లో 1. భూమి చేయి దాటిపోకూడదని, కట్నం భారం తగ్గుతుందని, తెలిసిన ఇంట పిల్ల సుఖపడుతుందని రాయలసీమ కుటుంబాలు మేనరికాన్ని ఎంచుకుంటాయి. ఈ కారణాలను తేలికగా కొట్టివేయరాదు. మేనరికం వద్దని ఉపన్యాసం ఇవ్వడం కంటే ముహూర్తానికి ముందు రక్తపరీక్ష చేయించుకొమ్మని చెప్పడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

పరీక్ష కష్టమైనది కాదు. సాధారణ రక్తపరీక్షలో ఎర్రకణాల పరిమాణం తక్కువగా ఉండి, వాటి సంఖ్య మాత్రం తగ్గకపోతే అనుమానించాలి. హిమోగ్లోబిన్ ఎ2 పరిమాణం 3.5 శాతం దాటితే వాహక స్థితిగా భావిస్తారు. ఇనుము లోపం కూడా ఉన్నవారిలో ఈ అంకె తక్కువగా కనిపించి దారి తప్పించవచ్చునని కరవు ప్రాంత వైద్యులు గుర్తుంచుకోవాలి. గర్భిణి వాహకురాలని తేలితే వెంటనే భర్తకూ పరీక్ష జరపాలి. ఇద్దరూ వాహకులైతే 10 నుంచి 12 వారాల మధ్య గర్భస్థ పరీక్షకు వీలున్నది. గర్భిణి తొలి నమోదు ఆలస్యమైతే ఈ గడువు దాటిపోతుంది.

వ్యాధి సోకిన బిడ్డకు 2 నుంచి 4 వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తం వల్ల పేరుకునే ఇనుము గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది గనుక దానిని తొలగించే మందులు నిత్యం వాడాలి. రక్తం ఉచితంగా లభించినా, రాయదుర్గం, కళ్యాణదుర్గం ప్రాంతాల పల్లెల నుంచి అనంతపురం ఆసుపత్రికి వచ్చే కూలీ కుటుంబానికి ప్రతి ప్రయాణంలోనూ బస్సు ఛార్జీలతో పాటు ఆనాటి కూలి కూడా పోతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను వైకల్యాల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోవచ్చునన్న సమాచారం ఈ కుటుంబాలకు అందించవలసి ఉన్నది.

అధిక రక్తపోటు విషయం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇక్కడ ఒక్క జన్యువు తీర్పు చెప్పదు. వందలాది జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపుతాయి. ఆఫ్రికా సంతతి వారికి రక్తపోటు రక్తంలోనే ఉన్నదని అమెరికాలో చాలాకాలం ప్రచారం సాగింది. రిచర్డ్ కూపర్ బృందం 1997లో ప్రచురించిన పరిశీలన ప్రకారం రక్తపోటు పశ్చిమ ఆఫ్రికాలో 16 శాతం, కరేబియన్ దీవుల్లో 26 శాతం, అమెరికాలో 33 శాతం మందిలో కనిపించింది. మూలాలు ఒక్కటే అయినా బరువు, ఉప్పు వాడకం, జీవన విధానం మారాయి. వేరుశనగ చేను వదిలి బెంగళూరుకు వలస వెళ్లిన అనంతపురం రైతుకూ ఇదే వర్తిస్తుంది. తండ్రికి రక్తపోటు ఉన్నదంటే కొడుకు ముందుగా కొలిపించుకోవాలని అర్థం, తప్పించుకోలేడని కాదు. 30 ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష జరుపుతారు. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయలతో, ఊరమిరపకాయలతో భోజనం ముగించే ఇళ్లలో ఈ పరిమితి సులువుగా దాటిపోతుంది.

పాత్రికేయులు ఈ అంశాలపై రాసేటప్పుడు ఫలానా కులం వ్యాధి అనో, తల్లి వైపు దోషమనో పేర్కొనకుండా ఉండటం మంచిది. తలసేమియా బిడ్డకు ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ చెరొక జన్యువు వస్తుంది. హీమోఫీలియా తల్లి ద్వారా కుమారులకు సంక్రమించే మాట నిజమే గాని, సుమారు మూడింట ఒక వంతు కేసుల్లో కుటుంబ చరిత్రే ఉండదు.